కాలువగట్టు మీద మోటారు సైకిలు

యంత్రముల చరిత్ర వ్రాయువారు సాధారణముగా వాటిని చేసినవారి చరిత్రనే వ్రాయుదురు. ఏ ఊర కార్ఖానా పెట్టిరి, ఏ సంవత్సరమున ఏ నమూనా వెలువడినది, దానికి ఎన్ని గుర్రముల బలము గలదు – ఈ సంగతులతో ఆ గ్రంథములు నిండియుండును. అవి అవసరమే. కాని ఒక బండి పేరు నలుబది ఏబది యేండ్లు జనుల నాలుకపై నిలుచుటకు ఇవి చాలవు. మేలైన యంత్రములు ఎన్నో పుట్టి, అంగడిలో కొన్నాళ్లు నిలిచి, పేరైనను మిగులకుండ పోయినవి. లోపములు కొల్లలుగా నున్న కొన్ని బండ్లు మాత్రము ఇంటి పెద్దలవలె పేరు నిలుపుకొన్నవి. ఇందులకు కారణము ఆ బండ్లనెక్కి తిరిగినవారి ఒడలి జ్ఞాపకములలో వెదకవలెనని నా నమ్మకము. నేను గుడ్లవల్లేరు ప్రాంతమువాడను. అందుచేత గుడివాడకును బందరుకును నడుమ, దిగువను దివిసీమ కొనవరకును గల బాటలనే సాక్ష్యముగా గొని ఈ సంగతి మీకు మనవి చేసెదను.

ముందు నేల సంగతి చెప్పవలెను. 1855లో బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిమ్మట మా సీమయంతయు కాలువలమయమైనది. ధాన్యము పడవలపై బందరు చేరెడిది. పెండ్లివారును పడవలపైననే తరలిపోయెడివారు. కాలువ త్రవ్విన మన్ను ఇరుప్రక్కల పోయగా ఏర్పడిన గట్టే మాకు రోడ్డు. ఎండకాలమున అది ఇనుపరేకువలె గట్టిపడి, బండి చక్రములు చేసిన గాళ్లతో ఎముకలు కదలించును. వానకాలమున అదే నల్లరేగడి జిగురై కాలికి శేరు మన్ను పట్టించును. సైకిలు నెక్కినవాడు పదిబారలు పోయి దిగి, మడ్గార్డులో ఇరికిన మన్నును పుల్లతో పొడిచి, మరల ఎక్కవలసినదే. ఒక ప్రక్క కాలువ, ఇంకొక ప్రక్క పల్లపు చేలు. నడుమ రెండు గజముల దారి. ఈ దారిపై నిలిచిన బండియే మాకు బండి. పట్టణపు తారురోడ్డుపై దాని వేగమెంతయో మేమెన్నడును అడిగినవారము కాము.

మోటారు సైకిలు మా వైపునకు తొలుత దొరల వాహనముగా, అధికారుల వాహనముగా వచ్చినది. రెండవ మహాయుద్ధము ముగిసిన తరువాత సైన్యము వదలించుకొన్న బండ్లు దేశమున అక్కడక్కడ అమ్మకమునకు వచ్చినవి. ఏబదుల దశకమున దిగుమతులు కట్టుదిట్టములైనవి. దానితో దేశములోనే చేయవలసిన అవసరము కలిగినది. ఇచ్చటనే బుల్లెట్టు కథ మొదలగుచున్నది.

ఇంగ్లండులో రెడ్డిచ్ అను ఊర మొదట సైకిళ్లను, 1901 నుండి మోటారు సైకిళ్లను చేసిన కంపెనీకి ఎన్‌ఫీల్డు అను పేరు తుపాకుల వలన వచ్చినది. లండనుచెంత ఎన్‌ఫీల్డులోని ప్రభుత్వ ఆయుధశాలకు వారు తుపాకి భాగములు చేసియిచ్చెడివారు. ఆ ఊరిపేరు మన చరిత్రలో అంతకుముందే చేరియున్నది. 1857లో సిపాయిలు ఏ తుపాకి తూటాలను నోట కొరుకుటకు నిరాకరించిరో, అది ఎన్‌ఫీల్డు తుపాకియే. ఆ పేరిటి బండి నూరేండ్ల తరువాత మన సిపాయిలకు ప్రీతిపాత్రమగుట చరిత్రలోని చమత్కారములలో నొకటి. 1932లో ఆ కంపెనీవారు ఒక నమూనాకు బుల్లెట్టు అని పేరిడిరి. ఏబదుల ఆరంభమున మన సైన్యము సరిహద్దుల గస్తీకై కొన్ని వందల 350 సి.సి. బుల్లెట్లను తెప్పించినది. 1955లో మద్రాసు మోటార్సు వారితో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా ఏర్పడి, మద్రాసుచెంత తిరువొత్తియూరులో కార్ఖానా పెట్టినది. మొదట సీమనుండి భాగములు తెచ్చి బిగించెడివారు. కొద్ది సంవత్సరములలో సమస్తమును ఇచ్చటనే పోత పోయసాగిరి. 1970 నాటికి ఇంగ్లండులోని మాతృసంస్థ మూతపడినది. బిడ్డ మాత్రము మద్రాసులో బ్రతికినది. 1977లో ఆ మద్రాసు బుల్లెట్లే ఇంగ్లండునకు ఎగుమతియైనవి.

ఇది చేసినవారి చరిత్ర. ఎక్కినవారి చరిత్ర కిక్కుతో మొదలగును.

పాత బుల్లెట్టును తన్నుట బలము గలవాని పని అని బయటివారు తలచెదరు. అది పొరపాటు. మా మేనమామ బక్కపలుచని మనిషి. ఒక్క తన్నుతో బండిని లేపెడివాడు. కుస్తీపట్టు పట్టెడి యువకులు పది తన్నులు తన్ని చెమటలు కార్చెడివారు. రహస్యమిది. హెడ్‌లైటు గూటిపైనున్న ఆమీటరు ముల్లును చూచుచు కిక్కును మెల్లగా క్రిందికి నొక్కవలెను. ముల్లు నడుమకు వచ్చినచోట పిస్టను పైకొసకు చేరినదని గుర్తు. అప్పుడు ఎడమచేతి క్రిందనున్న చిన్న లివరును నొక్కినచో సిలిండరులోని బిగువు సడలును. కిక్కును ఇంకొక వేలెడు దింపి, లివరును వదలి, కిక్కును పైకి రానిచ్చి, ఒకేయూపున క్రిందివరకు తన్నవలెను. ఈ క్రమము తప్పినవానిని బండి తిరిగి తన్నును. ఆ తిరుగుతాపుకు పిక్క వాచి, వారము దినములు కుంటిన పెద్దమనుష్యులు మా సీమలో ప్రతి ఊరను గలరు. చూడుడు, ఒక బండిని లేపుటకే ఇంత నేర్పు కావలసివచ్చినప్పుడు, దానిని లేపగలుగుట ఒక విద్యయగును. విద్య తండ్రినుండి కొడుకునకు, మామనుండి అల్లునకు పోవును. నేటి బండికి మీట నొక్కిన చాలును. మీట నొక్కుటను ఎవరును ఎవరికిని నేర్పరు; కనుక దానిని గూర్చి కథయు పుట్టదు.

ఇక శబ్దము. ఆ ఇంజనులో సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. నడక పొడవు, లోపల తిరుగు చక్రము బరువు. కావున అది నిదానముగా, ప్రతి పేలుడును విడివిడిగా వినిపించుచు నడచును. అదే కారణమున తక్కువ వేగమున సైతము లాగుడు తగ్గదు. బురదలో మెల్లగా, ఆగక పోవలసిన మా గట్లకు అట్టి ఇంజనే తగినది. మా మేనమామ బండి కాలువ వంతెన ఎక్కగానే మా అత్తయ్య ఆ సవ్వడిని గుర్తించి పీట వాల్చి ఆకు వేసెడిది. ఊరిలోని మూడు బుల్లెట్లలో ఏది ఎవరిదో పిల్లలకు తెలియును. సబ్‌ఇన్‌స్పెక్టరు బండి సవ్వడి మాత్రము పిల్లలకంటె పేకాటరాయుళ్లకు ముందుగా తెలియును!

బుల్లెట్టు సంపన్నుల బండి యను మాటలో కొంత నిజమున్నది. మోతుబరి రైతులు, మిల్లు యజమానులు, వైద్యులు, పోలీసువారు దానినెక్కిరి. డబ్బున్నను వెంటనే దొరకని రోజులవి. అందుచేత బండి వచ్చిన దినమున కొబ్బరికాయ కొట్టి, కుంకుమబొట్టు పెట్టి, ఊరంతయు త్రిప్పుట పరిపాటి. ఇంటిలోని దుక్కిటెద్దులకు ఎట్టి మర్యాదయో దీనికిని అట్టిదే. కొన్న రోజునుండి దానిని అమ్ముటనుగూర్చి మాటలాడిన అపశకునముగా తలచెడివారు.

జావా వేరుజాతి బండి. చెక్ దేశమున యానెచెక్ అను ఆయుధవ్యాపారి 1929లో జర్మను వాండరర్ కంపెనీ నమూనాను కొని, తన పేరును ఆ కంపెనీ పేరును అతికించి చేసిన మాటయే జావా. మైసూరులో ఐడియల్ జావా కార్ఖానా వెలసి, 1961 నుండి 250 సి.సి. బండ్లను చేసినది. డెబ్బదులలో వాటికి యెజ్డీ యను పేరు వచ్చినది. 1996లో ఆ కార్ఖానా మూతపడినది. ఈ బండికి రెండు పొగగొట్టములు. పెట్రోలులో నూనె కలిపి పోయవలెను. దీనిలోని వింత ఎడమప్రక్క లివరు. దానితోనే కిక్కు కొట్టి, దానినే ముందునకు త్రిప్పినచో గేరు లివరగును. మరియొక విశేషము గలదు. గేరు లివరును కాలితో నొక్కినప్పుడు లోపలి అమరిక వలన క్లచ్చియు తనంతట విడివడును. మామూలుగా నడపువానికి ఇది తెలియనైన తెలియదు. నాకు తెలిసిన దినమును మరువజాలను.

1977 నవంబరు 19వ తేది శనివారము. ఆనాటి ఉప్పెన సంగతి వినని తెలుగువారుండరు. దివిసీమలో పదివేలకు పైగా జనులు మరణించిరి. మాకు గుడ్లవల్లేరు ప్రాంతమున గాలియే గాని సముద్రము రాలేదు. ఇండ్ల కప్పులు లేచినవి, వరిచేలు పడినవి. ఆదివారము ప్రొద్దుటికి ఏదో ఘోరము జరిగినదని మాటలు వచ్చుచుండెను. తంతి లేదు, బస్సు లేదు. మా అక్కను నాగాయలంక దిగువనున్న ఒక గ్రామమున ఇచ్చియుంటిమి. మా తల్లి అన్నము ముట్టలేదు. సోమవారము తెల్లవారకముందే మా వీధిలోని ఉపాధ్యాయులొకరు, మేమడుగకయే, తన జావా తాళము తెచ్చి నా చేతిలో పెట్టిరి. “నూనె కలిపి నిండుగా పోసితిని, పోయి రా నాయనా” అని మాత్రము అనిరి. ఆయన ఆ బండిని తమ్మునికైనను ఇచ్చెడివారు కారు.

మా పెదనాన్నగారి కుమారుడు వెనుక కూర్చుండెను. గుడివాడ, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి – దారిపొడవున చెట్లు అడ్డముగా పడియుండెను. లారీలు, జీపులు ఎక్కడివక్కడ నిలిచిపోయినవి. గొడ్డళ్లతో చెట్లు నరుకుచున్నవారు మమ్ముజూచి బండిని పట్టి మొద్దులపైనుండి దాటించిరి. “ఏ ఊరు నాయనా మీవారిది?” అని అడుగుటయు, పేరు వినగానే తల త్రిప్పుకొనుటయు! మోపిదేవి దాటి, పులిగడ్డ దాటి అవనిగడ్డ చేరుసరికి మధ్యాహ్నము దాటినది. ఆపైన దారి అనదగినది లేదు. నీరు నిలిచినచోట ఇంజను ఆపి, పొగగొట్టములకు గుడ్డలు కుక్కి, మోకాటిలోతున నెట్టితిమి. మెరకమీద గుడ్డలు తీసి తన్నినచో, దగ్గి దగ్గి, నీలిపొగ క్రక్కి, అది మరల లేచెను. బుల్లెట్టైనచో ఆ బరువును మేమిద్దరము నెట్టగలిగెడివారము కామని ఇప్పటికిని అనుకొందును. ఆ దారిలో మేము చూచినవానిని ఇచ్చట చెప్పను.

అక్క బ్రతికియుండెను. ఇద్దరు పిల్లలతో ఊరిలోని ఒక డాబాపై నలువదిమందితో రెండు రాత్రులు గడపినది. పశువుల పలుపులు కోయుటకై క్రిందికి దిగిన ఆమె మామగారు తిరిగి రాలేదు. బావ ఆయనను వెదకుచుండెను. మా అన్న బావకు తోడుగా నిలిచిపోయెను. నేను పిల్లవానిని ముందు ట్యాంకుపై, ఆడపిల్లను నడుమ, అక్కను వెనుక కూర్చుండబెట్టుకొని బయలుదేరితిని. అవనిగడ్డకు ఈవల విరిగిన కొమ్మ ఒకటి హ్యాండిలుకు తగులుకొని క్లచ్చి తీగను ఊడబెరికినది. చీకటి పడుచున్నది. తీగ కట్టువారు లేరు. నెట్టుటకు నాకు శక్తి లేదు. దారిన పోవుచున్న లారీ క్లీనరొకడు చూచి, “జావాకు తీగతో పనియేమండీ, గేరు తొక్కి పట్టి మెల్లగా వదలుడు” అని చెప్పి తన దారిని పోయెను. అతడు చెప్పినట్లే చేసితిని. బండి ఒక్క కుదుపు కుదిపి కదలినది. అట్లే గేరుమీద గేరు, ఆగినచోట నెల్ల అదే విధముగా, నడిరాత్రికి ఇల్లు చేరితిమి. ఆ దినమునుండి మా వీధిలో ఆ బండికి “అక్కను తెచ్చిన బండి” అని పేరు. ఉపాధ్యాయులవారు తుదివరకు దానిని అమ్మలేదు. కొనవచ్చినవారికి ఆయన ధర చెప్పక ఈ కథ చెప్పెడివారు.

ప్రేగ్‌లోనో మైసూరులోనో కూర్చుండి ఆ అమరికను చేసిన ఇంజనీరు దానిని నడుపుటకు సుకరముగా నుండుటకే చేసియుండును. మా ఇంట దాని అర్థము వేరైనది. ఒక వస్తువునకు కీర్తి ఎట్లు కలుగునో చెప్పుటకు నాకింతకంటె దృష్టాంతము లేదు.

రాజదూతును గూర్చి కొంత చెప్పవలెను. దానికి న్యాయము జరుగలేదు. పోలండు దేశపు ఎస్.ఎచ్.ఎల్. నమూనానుండి ఎస్కార్ట్స్ వారు అరువదుల ఆరంభమున చేసిన 175 సి.సి. బండి ఇది. మూడే గేర్లు. హిందీ నటుడు ధర్మేంద్ర ప్రకటనలలో దానినెక్కి వీరునివలె కనబడెను గాని, మా సీమలో దాని నిజమైన వీరులు పాలవారు. వెనుక ఇరుప్రక్కల రెండేసి క్యానులు, వాటిపై గడ్డిమోపు, తెల్లవారుజామున నాలుగు గంటలకు మంచులో చిటపటలాడుచు పోవు ఆ బండి లేనిచో గుడివాడలో కాఫీ లేదు. వేగమునకు, సొగసునకు కాక ఓర్పునకు పేరుపడినది. పాలవాడొకడు నాతో, “గేదె ఈనినప్పుడు ఇంట నుంటినో లేదో గాని, బండి ఇంజను విప్పినప్పుడు మాత్రము తప్పక దగ్గర నుంటిని” అనెను. ఆ మాటలో పరిహాసమెంతయో సత్యమెంతయో అతనికే తెలియవలెను.

తరువాతివి వడివడిగా చెప్పెదను. 1983లో రాజదూతు పేరిటనే జపాను యమహావారి 350 సి.సి. జంట సిలిండర్ల బండి వచ్చినది. అది మన రోడ్లకు మించిన వేగము గలది, పెట్రోలు త్రాగుటలో అగస్త్యుడు. ఆ దశకము ముగియునప్పటికి దాని అంగడి ముగిసెను. 1985లో వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100ను మా తరువాతి తరమువారు నేటికిని తలంచుకొని నిట్టూర్తురు. 98 సి.సి. గల చిన్నబండి, చిటికెలో దూకెడిది, 1996లో ఆగిపోయినది. దానిపై ప్రేమ కళాశాలల ప్రేమ. 1998లో గుడ్లవల్లేరున ఇంజనీరింగు కళాశాల వెలసిన పిమ్మట ఆ బండి కూతతో మా రోడ్డు మారుమ్రోగినది. నాకు దాని సవ్వడి రుచింపదు. అది వయసు భేదమై యుండవచ్చును. అదే 1985లో వచ్చిన హీరోహోండా సి.డి. 100 పెట్రోలును పొదుపుగా త్రాగి, చెడక, ఎవరినిని తన్నక, లక్షల కుటుంబములను మోసినది. దానికి ఋణపడినంతగా మన మధ్యతరగతి మరి ఏ బండికిని ఋణపడలేదు. అయినను దానిపై పాటలు లేవు, కథలు లేవు. ఇబ్బంది పెట్టనివానిని మనము జ్ఞాపకముంచుకొనము కాబోలు. టి.వి.ఎస్. మోపెడుపై వడ్లబస్తాలు మోసినవాని కథయు ఇంతే.

డీజిలు బుల్లెట్టు సంగతి వదలరాదు. 325 సి.సి. ఇంజనుతో టారస్ అను పేరిట ఎనుబదులనుండి 2000 సంవత్సరపు ప్రాంతము వరకు అది అమ్ముడైనది. నడక మందము, వణకు అధికము. కాని ట్రాక్టరుకై తెచ్చిన డీజిలునే దీనికిని పోసి, రైతు లీటరునకు 70 కిలోమీటర్లకు తక్కువ గాకుండ తిరిగెడివాడు. చేతులు తిమ్మిరెక్కి, ఇల్లు చేరిన తరువాతను గంటసేపు కాఫీగ్లాసు వణకుచుండెడిదని ఒక రైతు నవ్వుచు చెప్పెను.

ఈ జ్ఞాపకములన్నియు తీపివే యనుకొనరాదు. శిరస్త్రాణమన్న మాట ఎరుగని రోజులవి. మంచుతెర కప్పిన మాఘమాసపు రాత్రులలో మలుపు కానక కాలువలో పడినవారు, ఎదురుగా దీపము లేని గడ్డిబండికి గుద్దుకొన్నవారు మా ప్రాంతమున కలరు. ఆ ఇండ్లలో బుల్లెట్టు పేరెత్తరాదు. అట్టి ఇంటి ముందుగా పోవునప్పుడు మా మేనమామ గేరు మార్చి సవ్వడి తగ్గించుకొని పోయెడివాడు. చరిత్ర చెప్పువారు దీనిని దాచినచో ఆ కీర్తి ప్రకటనల కీర్తియగును.

నేడు ఈ బండ్లకు మరల గిరాకి వచ్చినది. 1994లో ఐషర్ వారి చేతికి వచ్చిన ఎన్‌ఫీల్డు సంస్థ నిలదొక్కుకొని విస్తరించినది. 2018లో జావా పేరును, 2022లో యెజ్డీ పేరును క్రొత్త కంపెనీవారు లేవనెత్తిరి. 2021లో మోహన భోగరాజు పాడిన బుల్లెట్టుబండి పాటకు పెండ్లికూతుళ్లు ఆడినారు. పాత ఇనుపపోత ఇంజను 2010 ప్రాంతమున పోయి, దాని స్థానమున క్రొత్త ఇంజను వచ్చినది. నూనె కారదు, తిరిగి తన్నదు. గేరు కుడికాలినుండి ఎడమకాలికి మారినది. డెబ్బదుల నడుమ అమెరికా ప్రభుత్వము గేరు ఎడమనే యుండవలెనని విధించిన పిమ్మట లోకమంతయు ఆ దారినే పట్టినది. మన బుల్లెట్టు చిట్టచివర పట్టినది.

దీనివలన పెద్దవారికి వచ్చిన చిక్కు గలదు. మా మేనమామకు ఎనుబదియవ యేట కుమారుడు క్రొత్త బుల్లెట్టు కొనియిచ్చెను. ఆయన దానినెక్కి, ఆమీటరుకై వెదకి, అది కానరాక, మీట నొక్కగా లేచిన బండిని చూచి కొంత చిన్నబోయెను. వంతెన ఎక్కునప్పుడు గేరు మార్చుటకై కుడికాలు నొక్కగా బండి టక్కున నిలిచినది. అక్కడ ఇప్పుడు బ్రేకున్నది. మూడుమార్లు అట్లు జరిగిన మీదట ఆయన దిగి, తాళము మనుమరాలి చేతికిచ్చి వెనుక కూర్చుండెను. ఆ పిల్ల ఇంజనీరింగు చదువుచున్నది, చక్కగా నడపును. ఆయన మాత్రము వెనుక సీటుపై కూర్చుండి, ప్రతి మలుపునను కుడికాలితో లేని గేరును మార్చుచునే యుండెను.